జోడు ముడి

పొద్దున్న లేస్తూనే గున్నమ్మ చేసే మొదటి పని నిన్నటి ముడులు విప్పుకోవడం. ముఖమైనా కడుక్కోకుండా పెరటి అరుగు మీద కూర్చుని, చీర కొంగు ఒళ్ళోకి లాక్కుని, ఒక్కొక్క ముడినీ గోటితో వదులు చేస్తుంది. విప్పుతూ విప్పుతూ దాని పేరు పైకే అంటుంది. "పోలీసోరి పాలకూర. ఇచ్చీసినాను. బేంకోరి మెంతికూర. ఇచ్చీసినాను." ఇవ్వనిది ఏదైనా మిగిలితే ఆ ముడి జోలికి పోదు.

కాపురానికి వచ్చిన కొత్తలో కోడలు లోవలక్ష్మి అదేదో జపమనుకుంది. వాళ్ళది రావికమతం దగ్గర పల్లె. అక్కడి ఆడవాళ్ళు కొంగున తాళంచెవి కడతారు, మహా అయితే వక్కముక్క. ఇలా వారం రోజుల పని కట్టుకు తిరిగే మనిషిని ఆమె చూడలేదు. నాలుగు రోజులు గమనించాక, అత్త ఏ దేవుణ్ణి తలుచుకుంటోందని భర్త నానాజీని అడిగింది. అతను నవ్వి, శారదానగర్లో ఇరవై ఆరు మంది దేవుళ్ళున్నారనీ అందరికీ ఆకుకూర నైవేద్యం కావాలనీ చెప్పాడు.

గున్నమ్మకి చదువు రాదు. బలిఘట్టంలో వరహా నది ఒడ్డున పాతిక సెంట్ల చెక్కలో ఆకుకూరలు పండిస్తుంది. తెల్లారకుండా కోసి, కట్టలు కట్టి, గంపకెత్తుకుని నర్సీపట్నం వీధుల్లోకి నడుస్తుంది. ముప్పై ఏళ్ళుగా అదే దారి. ఏ ఇంటివాళ్ళు ఏ రోజుకి ఏ కూర కావాలన్నారో అంతా కొంగులోనే ఉంటుంది. మొదటి వీధి ఇళ్ళకి కొంగు చివర, ఆఖరి వీధి ఇళ్ళకి భుజం వైపు. కూరకైతే ఒంటి ముడి. ఎట్టి పరిస్థితిలోనూ మరిచిపోకూడనిదైతే జోడు ముడి. స్నానం చేసి చీర మార్చేటప్పుడు కొత్త చీరకి ముడులన్నీ వేసుకున్నాకే పాత చీర ముడులు విప్పుతుంది. మనిషి మరిచిపోతుంది గానీ ముడి మరిచిపోదని ఆమె నమ్మకం.

లోవలక్ష్మి ఇంట్లో జాకెట్లు కుడుతుంది. కొలతలన్నీ పుస్తకంలో రాసుకుంటుంది. అయినా ఒకసారి పక్కింటి అప్పలలక్ష్మి కొలతలతో పంతులుగారి కోడలికి జాకెట్టు కుట్టేసింది. ఆ పిల్ల వేసుకుని చూసుకుంటే లోపల ఇంకో మనిషికి చోటుంది. గున్నమ్మ ఆ సంగతి తలుచుకుని తలుచుకుని నవ్వేది. "నీ బుక్కు కన్నా నా సెంగే నయమే, కోడలు పిల్లా" అనేది. 

రెండేళ్ళ కిందట గున్నమ్మకి సుగరు వచ్చింది. నిరుడు వేసవికి అది పాదాల్లోకి దిగింది. పొద్దంతా తిమ్మిర్లు, పడుకుంటే మంటలు. అరికాళ్ళకి పచ్చిమిరపకాయలు నూరి పట్టించినట్టుందనేది. తడి గోనె మీద కాళ్ళు పెట్టుకుని కూర్చునేది. మూడు వీధులు తిరగాల్సింది ఒక వీధి తిరిగి వచ్చేసేది. గంప దింపి గోడకి ఆనుకుని, కాళ్ళని ఎవరో పరాయి మనుషుల్ని చూసినట్టు చూసేది.

అప్పుడే నానాజీ ఇక చాలన్నాడు. అతను రోలుగుంట రోడ్డులో ఆటో నడుపుతాడు. ఊళ్ళో ఎవరు ఎక్కడ తూలి పడ్డారో, ఎవరిని ఏ బండి గుద్దిందో అతనికి ముందు తెలుస్తుంది. అమ్మ అలా పడిపోవడం తన కళ్ళతో చూడలేనన్నాడు. గున్నమ్మ మాత్రం గంప లేకపోతే తను ఇంట్లో రోలూ రోకలిలా మూలన పడి ఉండాల్సిందేనంది. చివరికి లోవలక్ష్మే ఇద్దరినీ సమాధానపరిచి అత్తని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ పాదాలు సూదితో తాకి చూసి, నరాల మాత్ర రాసింది. ముందు రాత్రికొకటి. మూడు వారాలు పోయాక పొద్దున్నొకటి కూడా కలిపింది. మత్తుగా ఉంటుంది, చెప్పినదానికంటే ఒక్కటి కూడా ఎక్కువ వేసుకోకూడదని రెండుసార్లు చెప్పింది.

మాత్ర పనిచేసింది. గున్నమ్మ మళ్ళీ మూడు వీధులూ తిరిగింది. కొడుకు ఒప్పుకున్నాడు గానీ ఒక మెలిక పెట్టాడు. ఒక్కసారి ఎక్కడైనా తూలిందని తెలిస్తే గంప ఆ రోజుతో సరి. గున్నమ్మ సరేనని, మాత్రకి జోడు ముడి కేటాయించింది. వేసుకోగానే ముడి వేసేది. రాత్రి మాత్ర వేళకి పొద్దుటి ముడి విప్పి, వేసుకున్నాక మళ్ళీ వేసేది. ముడి కనిపిస్తే వేసుకున్నట్టు, కనిపించకపోతే వేసుకోనట్టు. ఇందులో తప్పు జరగడానికి లోవలక్ష్మికి కూడా సందు కనిపించలేదు.

శ్రావణంలో ఒక బుధవారం. పొద్దున్న గున్నమ్మ చద్దన్నం తిని, మాత్ర వేసుకుని, ముడి వేసుకుని గంప ఎత్తుకోవడం లోవలక్ష్మి మిషను దగ్గర కూర్చునే చూసింది. తొమ్మిదింటికి వాన పట్టుకుంది. గొడుగులు తిరగబడే వాన. గున్నమ్మ పదకొండు దాటాక ఇంటికొచ్చింది, లేతనీలం రంగు గంజి చీరలో. అది చూసి లోవలక్ష్మి, అత్త ఎక్కడైనా ఉద్యోగంలో చేరిందా అని అడిగింది. గున్నమ్మ సిగ్గుపడింది. శారదానగర్లో సాయిలక్ష్మి టీచరుగారి వాకిట్లో ఉండగా నిలువునా తడిసిపోయిందట. టీచరుగారు ఊరుకోక తన చీర ఇచ్చి కట్టుకోమన్నారట. తడి చీర వాళ్ళ వరండాలో ఆరేసి, ఆరాక కూతురు సత్యశ్రీతో పంపిస్తానన్నారట. చీర నలుగుతుందేమోనని గున్నమ్మ దారంతా కొంగు చేత్తో పట్టుకునే నడిచింది.

లోవలక్ష్మి అన్నం వండి ఉంచి, కుట్టిన జాకెట్లు ఇవ్వడానికి బజారుకెళ్ళింది. వానకి చిక్కుకుని తిరిగి వచ్చేసరికి మూడున్నర.

గుమ్మంలో అప్పలలక్ష్మి నిలబడి ఉంది. "ఏటే లోవా, మీ అత్త మద్దేన్నమే కల్లు కుండ కాడికి ఎల్లొచ్చినట్టుంది" అంది నవ్వుతూ. ఆ నవ్వులో భయం కూడా ఉంది.

గున్నమ్మ పెరట్లో దండెం పట్టుకుని నిలబడి ఉంది. టీచరుగారి చీర ఉతికి ఆరేసింది. అది ఆరేసినట్టు లేదు, దండెం మీద విసిరినట్టుంది. తను తన పాత ఆకుపచ్చ చీరలోకి మారింది. కోడల్ని చూసి నవ్వబోయింది. నవ్వు సగంలోనే జారిపోయింది. "లోవా, ఈ నేలని ఎవరో ఊపుతన్నారే" అంది. నాలుక మందంగా ఉంది. ఒక్క అడుగు వేసింది. రెండో అడుగు ఎక్కడ వేయాలో తెలియక గాలిలోనే ఆగింది. లోవలక్ష్మి పరిగెత్తి నడుం పట్టుకుంది.

సుగరు పడిపోయిందేమోనని చక్కెర నీళ్ళు పట్టబోయింది. మింగలేక పొలమారుతుందేమోనని భయపడి గ్లాసు పక్కన పెట్టింది. పక్షవాతమేమోనని చేతులు ఎత్తమంది. గున్నమ్మ రెండూ ఎత్తింది, తలమీద గంప పట్టుకున్నట్టు. అలా ఎత్తి అలాగే కళ్ళు మూసుకుంది. అప్పుడు లోవలక్ష్మి చూపు గూట్లో ఉన్న మాత్రల డబ్బా మీద పడింది. మూత సగం తీసి ఉంది. అట్ట బయటికి తీసి చూసింది. సోమవారం సాయంత్రం పది మాత్రల కొత్త అట్ట తెచ్చింది తనే. సోమవారం రాత్రి ఒకటి, మంగళవారం రెండు, ఇవాళ పొద్దున్న ఒకటి. ఆరు మిగలాలి. నాలుగే ఉన్నాయి.

ఆమె ఇంకేమీ ఆలోచించలేదు. అట్ట జాకెట్లో దోపుకుని నానాజీకి ఫోను చేసింది. అతను ఆటోలో ఉన్న మనుషుల్ని దింపేసి పది నిమిషాల్లో వచ్చాడు. ఆటోలో గున్నమ్మ కోడలి భుజం మీద తల వాల్చి, గంప లోపల పెట్టారా, వానకి వెదురు బద్దలు ఉబ్బిపోతాయి అని మూడుసార్లు అడిగింది. టీచరుగారి చీర ఇస్త్రీ చేయించి ఇవ్వాలని ఇంకో రెండుసార్లు. ఆ మాటలు వినబడినంతసేపూ లోవలక్ష్మికి కాస్త ధైర్యంగా ఉంది. మాట ఆగినప్పుడల్లా అత్త బుగ్గ మీద తట్టింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ముందుగా, ఎన్ని వేసుకుందో తెలుసా అని అడిగింది. లోవలక్ష్మి అట్ట తీసి ఇచ్చి లెక్క చెప్పింది. ఆవిడ అట్ట చూసి, ఊపిరీ బీపీ సుగరూ అన్నీ చూసి, అట్ట తేవడం మంచి పని అయిందంది. సుగరున్న కొందరికి మూత్రపిండాలు నెమ్మదిగా పనిచేస్తాయి, అందుకే రెండు మాత్రలు ఎక్కువైనా మందు ఒంట్లోనే నిలిచిపోయి ఇంత మత్తు చేసిందని విడమరిచి చెప్పింది. మర్నాటి దాకా కనిపెట్టి ఉండాలంది. ఈ రాత్రి మాత్ర వద్దంది. తర్వాత కూడా వాళ్ళంతట వాళ్ళు మానేయకూడదు, తగ్గించాలో లేదో రక్తపరీక్ష చూసి తనే చెప్తానంది.

తెల్లారేసరికి గున్నమ్మకి మాట సరిగ్గా వచ్చింది. టీ అడిగింది. చక్కెర లేదని విసుక్కుంది. లోవలక్ష్మికి ఆ విసుగు వినగానే కళ్ళ నీళ్ళు తిరిగాయి. అవి కనిపించకుండా గ్లాసు కడగడానికి వెళ్ళింది.

తిరిగి వచ్చేసరికి నానాజీ మంచం పక్కన నిలబడి ఉన్నాడు. అతను అరవడం లేదు. అరిచినా బాగుండేది.

"గంప దూలానికి కట్టీసినానమ్మా. ఎన్ని బిళ్ళలు ఏసుకుందో తనకే తెలీని మనిషి ఈదిలెమ్మట ఎలా తిరుగుద్ది, సెప్పు?"

తను ఒక్కటే వేసుకున్నానని గున్నమ్మ అంది. ముడి చూసుకునే వేసుకున్నానంది. నానాజీ అట్ట చూపించాడు. ఆమె ఆ ఖాళీ గుంటల్ని వేలితో ఒక్కొక్కటే తడిమి చూసింది. తర్వాత మెల్లగా అంది.

"కాళ్ళు పోనాయను, ఒప్పుకుంటాను. మతి పోయిందనకు, నాయినా."

లోవలక్ష్మికి ఆ మాట లోపలెక్కడో తగిలింది. గంప పోతే అత్త బాధపడుతుంది, నాలుగు రోజులకి సర్దుకుంటుంది. కానీ ముప్పై ఏళ్ళు తన కొంగుని నమ్ముకున్న మనిషికి ఆ కొంగు మీద నమ్మకం పోతే? ఇక ఏ ముడి వేసినా వేసింది నిజమా కాదా అని అనుమానమే. పొయ్యి ఆర్పానో లేదో, తలుపు వేశానో లేదో అని ఇల్లంతా తిరుగుతూ ఉంటుంది. అలాంటి ముసలాళ్ళని ఆమె చూసింది. అత్త అలా అవడం తలుచుకోలేకపోయింది. కానీ అట్టలో రెండు తక్కువన్నది మాత్రం నిజం. 

తొమ్మిదింటికి టీచరుగారి కూతురు సత్యశ్రీ వచ్చింది. ఇంటికెళ్తే అప్పలలక్ష్మి చెప్పిందట. మంచం దగ్గరికి వచ్చి, చేతిసంచీలోంచి గున్నమ్మ చీర తీసింది. పసుపు పచ్చ చీర, మడత పెట్టి ఉంది. కొంగు మాత్రం మడత పడక ఉండలు ఉండలుగా పైకి తేలింది.

ముడులు విప్పి ఉతుకుదామని వాళ్ళమ్మ చూసిందట. తడిసి బిగుసుకుపోయి రాలేదట. "నేనే వద్దన్నానండీ" అంది సత్యశ్రీ. "మీ రాతకోతలన్నీ అందులోనే ఉంటాయి కదాని."

గున్నమ్మ లేచి కూర్చుంది. చీర కాదు, కొంగే అందుకుంది. కళ్ళు మూసుకుంది. వేళ్ళు మొదటి ముడి మీదికి వెళ్ళాయి.

"సింగన్న గారి సుక్కకూర, సుక్కురారానికి." వేళ్ళు జరిగాయి. "సిట్టిరాజు గారి పెళ్ళాం తోటకూర, ముదురుది వద్దంది. బేంకోరి మెంతికూర, రెండు కట్టలు. ఇది మీయమ్మదే. బచ్చలి, ఆదివారానికి, మీ పెద్దమ్మొస్తాదని."

సత్యశ్రీ అవునంది. పెద్దమ్మ వచ్చే సంగతి ఇంట్లో వాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదంది.

నానాజీ నమ్మీ నమ్మనట్టు ఫోను తీశాడు. సింగన్న అతని ఆటోలో రోజూ ఎక్కే మనిషి, కరెంటాఫీసులో చేసి రిటైరయ్యాడు. శుక్రవారానికి మా అమ్మకి ఏ కూర చెప్పావని అడిగాడు. అవతల సింగన్న గొంతు వార్డంతా వినిపించింది. "సుక్కకూర. ఏటి, లేదంటదా? మామిడికాయ కూడా దొరకని రోజుల్లో పప్పులోకి ఏటెయ్యమంటావురా?" పక్క మంచం మీది ఆవిడ నవ్వింది. నానాజీ ఫోను జేబులో పెట్టుకున్నాడు.

గున్నమ్మ వేళ్ళు అయిదో ముడి దగ్గర ఆగిపోయాయి. అది మిగతావాటికంటే లావుగా ఉంది. అటూ ఇటూ తిప్పి తడిమింది. కళ్ళు తెరిచింది.

"ఇది జోడు ముడి" అంది. "ఇది బిళ్ళే. నిన్న పొద్దున్నది." కోడలి వైపు చూసింది. "ఇది టీచరమ్మ ఇంట్లో ఉండిపోతే, నా సెంగుకి ఎలాగుంటాదే లోవా?"

అప్పుడు ఒక్కొక్కటే బయటపడింది. బుధవారం ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చోగానే ఆమె చెయ్యి అలవాటుగా కొంగు మీదికి పోయింది. చీర మారిందని కళ్ళకి తెలుసు, వేళ్ళకి తెలియదు. ముడి లేదు. లేదంటే వేసుకోలేదన్నమాట. రెండో మాత్ర వేసుకుంది. మరి ముడి వేయలేదా అంటే, వేయలేదు. అది టీచరుగారి చీర. పరాయి చీర కొంగున ముడి వేస్తే మన బరువు వాళ్ళ ఇంటికి చుట్టుకుంటుందని గున్నమ్మ తల్లి చెప్పేది. పైగా గంజి చీర, నలిగిపోతుంది. మధ్యాహ్నం మత్తుగా ఒక కునుకు తీసి లేచి, ఆ చీర ఉతికి ఆరేసి తన చీర కట్టుకుంది. వేళ్ళు మళ్ళీ కొంగు తడిమాయి. ముడి లేదు. మూడో మాత్ర.

లోవలక్ష్మి తల పట్టుకుని నవ్వింది. నవ్వుతూ ఏడ్చింది. రెండు మాత్రలు ఎక్కువైంది మతిమరుపు వల్ల కాదు, మర్యాద వల్ల.

నానాజీ ఆ అయిదో ముడిని చేత్తో పట్టుకుని చూశాడు. చిన్నప్పుడు అతనికి టీకా వేయించే రోజుకి కూడా అమ్మ ఇలాంటి ముడే వేసేది. "ముడి తప్పు లేదమ్మా" అన్నాడు. "అది నీతో రాలేదు, అంతే." టీ తెస్తానని బయటికి వెళ్ళాడు. టీ తేవడానికి అరగంట పట్టింది.

కానీ నిజం తేలిందని ప్రమాదం పోదు కదా. ఇవాళ టీచరుగారి చీర, రేపు ఇంకేదో. ఆ సంగతి లోవలక్ష్మి అంటే గున్నమ్మ కాదనలేదు. పొద్దున్నే కోడలు చేతికి ఒకటిచ్చి మింగమంటే చాలు కదా అని నానాజీ అన్నాడు. దానికి మాత్రం గున్నమ్మ మొహం ముడుచుకుంది. తనేమైనా పసిపిల్లా?

ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు లోవలక్ష్మి మిషను దగ్గర కూర్చుని, జాకెట్టు కత్తిరింపుల్లోంచి ఎర్ర గుడ్డ తీసి, మూరెడు నాడా కుట్టింది. దాన్ని మాత్రల డబ్బా పిడికి చుట్టి గట్టిగా కుట్టేసింది. అత్త ముందు పెట్టి, ముడి మనిషితో తిరగకూడదు, మందుతోనే ఉండాలని చెప్పింది. అట్ట తన బీరువాలో ఉంటుంది. పూటకి వేసుకోవాల్సిన మాత్ర ఒక్కటే డబ్బాలో పడుతుంది. ముడి వేసే చేతులు మాత్రం అత్తవే.

గున్నమ్మ నాడా లాగి చూసింది. కుట్టు బిగువు చూసింది. "బాగానే కుట్టినావు" అంది. "ఎవరి కొలతలు తీసుకున్నావు, అప్పలలక్ష్మివా?"

రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ పొద్దుటి మాత్ర తీసేసింది. రాత్రిది ఒక్కటే ఉంచింది. అందుకని మంట పూర్తిగా పోలేదు. నానాజీ దూలానికి కట్టిన గంప దింపాడు గానీ, అమ్మకి మూడో వీధి దూరం అయింది. ఆ వీధి వాళ్ళకి ఆటో వెళ్ళే దారిలో నానాజీయే కట్టలు ఇచ్చేస్తున్నాడు, ఎవరికేది అన్నది అమ్మ వేలితో చూపించి చెప్పించుకుని. ఒకసారి పోలీసాయన గారింట్లో పాలకూరకి బదులు చుక్కకూర ఇచ్చి వచ్చాడు. ఆ రోజు భోజనాల దగ్గర అత్తా కోడలూ అతన్ని వదల్లేదు.

గున్నమ్మకి ఇప్పుడు అరవై ఆరు. వారానికి నాలుగు రోజులు, శారదానగర్లో పదిహేడు ఇళ్ళకి ఆకుకూర ఇస్తుంది.